విజ్ఞాన పరిశోధనకు మార్గదర్శనం: వెనుకబడిన వర్గాల విద్యార్థులు, బిలాస్‌పూర్ తెలుగువారు

విజ్ఞాన పరిశోధనలో తమ జనాభాకు తగినంతగా కనిపించని వర్గాల విద్యార్థులకు డిగ్రీ రోజుల నుంచి పీహెచ్‌డీ దాకా, ఆపై ఉద్యోగం దాకా వెంట ఉండి దారి చూపే ఏర్పాట్లను పరిశోధనా మార్గదర్శనం అంటారు. భారతదేశంలో ఈ వర్గాలంటే ముఖ్యంగా ఎస్సీలు, ఎస్టీలు, ఓబీసీలు, మహిళలు, గ్రామీణ పేదలు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు. రిజర్వేషన్ సీటు ఇస్తుంది, స్కాలర్‌షిప్ ఖర్చు భరిస్తుంది. ల్యాబ్‌లోకి తీసుకెళ్లి పని నేర్పడం, ఏ పరీక్ష ఎప్పుడు రాయాలో చెప్పడం, సిఫారసు లేఖ రాయడం, ఓటమి ఎదురైనప్పుడు నిలబెట్టడం మాత్రం ఒక మనిషి చేయవలసిన పనులు. దేశంలో సీటుకూ ఖర్చుకూ చట్టాలు, పథకాలు ఏర్పడ్డాయి. ఈ మూడో పని మాత్రం చాలావరకు గైడ్ మంచితనానికీ విద్యార్థి అదృష్టానికీ వదిలేసిన విషయంగానే ఉండిపోయింది.

ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌లో ఈ పరిస్థితి స్పష్టంగా కనిపిస్తుంది. తెలిపారా వంటి పాత పేటలున్న ఈ నగరంలో స్థానిక ఆదివాసీ, సత్నామీ, ఓబీసీ విద్యార్థులతో పాటు తరతరాలుగా స్థిరపడిన రైల్వే తెలుగు కుటుంబాల పిల్లలూ అవే కాలేజీల్లో చదువుతారు.

చారిత్రక నేపథ్యం

ఆధునిక భారత విజ్ఞాన చరిత్రలో పేదరికం నుంచో, కింది కులాల నుంచో వచ్చి శాస్త్రవేత్తలైనవారి జీవితాల్లో ప్రతిభతో పాటు ఒక ఆసరా కూడా కనిపిస్తుంది. ఢాకా దగ్గరి సియోరాతలి గ్రామంలో 1893లో చిన్న దుకాణదారు ఇంట పుట్టిన మేఘనాథ్ సాహాకు ఊరికి దూరంగా ఉన్న బడిలో చదువుకునేందుకు ఒక వైద్యుడు తన ఇంట్లో ఉచితంగా చోటిచ్చాడు. కలకత్తా హాస్టల్లో కులం కారణంగా పంక్తి భోజనానికి దూరంగా ఉంచినా సాహా చదువు ఆగలేదు. 1920లో ప్రకటించిన ఉష్ణ అయనీకరణ సమీకరణం ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ ప్రయాణానికి మామగారి సాయంతో పాటు మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి తోడ్పడింది. రంగూన్‌లో సంపాదించిన సొమ్ముతో కోరంగి ప్రాంతానికి చెందిన వ్యాపారి నెలకొల్పిన నిధి అది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో చోటు దొరికాక వారిద్దరి పేర్లతో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి 1925లో వెలువడింది.

మహిళల విషయంలో అడ్డంకి ప్రయోగశాల గుమ్మం దగ్గరే ఉండేది. 1933లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చేరాలని కమలా సోహొనీ దరఖాస్తు చేస్తే సంచాలకుడు సి.వి. రామన్ మొదట ఒప్పుకోలేదు. చివరికి షరతులు పెట్టి చేర్చుకున్నారు. అక్కడ ఆమెకు పని నేర్పినవారు శ్రీనివాసయ్య. 1939లో ఆమె కేంబ్రిడ్జి నుంచి పీహెచ్‌డీ పొందారు. అంతకు ముందే, 1931లో, వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఆసియా మహిళల కోసమే ఆ విశ్వవిద్యాలయం నడిపిన బార్బర్ స్కాలర్‌షిప్ ఆమెకు ఆ అవకాశం ఇచ్చింది. ఒక వర్గం కోసం ప్రత్యేకంగా ఏర్పరచిన ప్రోత్సాహం పరిశోధకురాలిని తయారుచేసిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

ప్రభుత్వ ఏర్పాట్లు ధనసహాయంతో మొదలయ్యాయి. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో ప్రారంభమైంది. తెలుగునాట దీని తరవాతి మెట్టు గురుకులం. ముఖ్యమంత్రిగా పి.వి. నరసింహారావు 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాలను తెరిపించారు. ఆయన కేంద్ర మంత్రిగా ఉన్నప్పటి 1986 విద్యా విధానం ఆ ఆలోచనను నవోదయ విద్యాలయాల రూపంలో దేశమంతా విస్తరించింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ట్రిపుల్ ఐటీ) బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాల్లో పదో తరగతి పూర్తయిన గ్రామీణ విద్యార్థులను నేరుగా చేర్చుకుంది. ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 0.4 గ్రేడు పాయింట్లు అదనంగా కలిపింది. గురుకులం, నవోదయ, ట్రిపుల్ ఐటీ ప్రతిభ గల పేద విద్యార్థిని డిగ్రీ దాకా చేర్చగలిగాయి. ఆ చదువులు ఎక్కువగా ఇంజనీరింగ్, వైద్యం, ఉద్యోగం వైపే మళ్లాయి.

బిలాస్‌పూర్, రైల్వే తెలుగువారు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొద్దికాలంలోనే బిలాస్‌పూర్‌ను ముఖ్య కూడలిగా మార్చింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న మార్గమూ ఇదే కంపెనీ చేతికి వచ్చింది. రాయపూర్-విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. ఒకే కంపెనీ పట్టాలు ఉత్తరాంధ్రనూ ఛత్తీస్‌గఢ్‌నూ కలపడంతో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి గ్యాంగ్‌మెన్లు, ఫిట్టర్లు, ఫైర్‌మెన్లు, గుమాస్తాలు కుటుంబాలతో ఇక్కడికి తరలివచ్చారు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమయ్యాక రైల్వే ఉద్యోగానికి ఇక్కడ పరపతి ఇంకా పెరిగింది.

నగరంలోని ప్రభుత్వ స్నాతకోత్తర సైన్స్ కళాశాలకు ఇ. రాఘవేంద్రరావు పేరు పెట్టారు. కాంప్టీలో 1889లో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన బారిస్టరుగా బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డారు. 1936లో సెంట్రల్ ప్రావిన్సులకు తాత్కాలిక గవర్నరుగా పనిచేశారు. నగర శివారు కోనీలో 1983లో ఏర్పడిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 2009లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. కులభేదాలను ఖండించి సత్నామ్ పంథాను బోధించిన ఘాసీదాస్ (1756-1850) పేరు దానికి పెట్టారు. 2012లో ఏర్పడిన రాష్ట్ర విశ్వవిద్యాలయం ఇప్పుడు అటల్ బిహారీ వాజ్‌పేయి పేరుతో నడుస్తోంది. ఎగువన అమర్‌కంటక్‌లో ఇందిరా గాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం 2008లో తరగతులు ప్రారంభించింది. భిలాయ్ ఐఐటీ 2016లో వచ్చింది. కాబట్టి పరిశోధన చేసే సంస్థలు దూరంగా లేవు.

2011 జనగణన ప్రకారం ఛత్తీస్‌గఢ్ జనాభాలో ఎస్టీలు 30.6 శాతం, ఎస్సీలు 12.8 శాతం. దేశ సగటు ఎస్టీలకు 8.6, ఎస్సీలకు 16.6. పరిశోధనలో ఈ నిష్పత్తి తలకిందులవుతుంది. నేచర్ పత్రిక 2023లో సమాచార హక్కు కింద సేకరించి ప్రచురించిన వివరాల ప్రకారం అగ్రశ్రేణి ఐఐటీల ప్రొఫెసర్లలో దళితులు, ఆదివాసీలు 1 శాతం కన్నా తక్కువ. మొదటి తరం విద్యార్థి తనలాంటి నేపథ్యం నుంచి వచ్చిన గైడ్‌ను చూసే అవకాశమే అరుదు.

రైల్వే తెలుగు కుటుంబాల ముందు మూడు ప్రత్యేకమైన చిక్కులున్నాయి.

మొదటిది కాలం. ఐటీఐ చేసిన కుర్రాడు ఇరవై ఏళ్లకే రైల్వే నియామక బోర్డు (ఆర్ఆర్‌బీ) పరీక్ష రాసి జీతం అందుకోగలడు. పరిశోధన దారిలో బీఎస్సీ, ఎంఎస్సీ ముగిసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వచ్చేదాకా సంపాదన ఉండదు. ఆ పైన పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. తండ్రి పదవీ విరమణ దగ్గరపడి, ఇంట్లో చెల్లి పెళ్లి ఉన్న ఇంటికి ఈ లెక్క కుదరదు. రైల్వే ఉద్యోగం కళ్లెదుట ఉన్న భద్రత. పరిశోధన అంటే ఏమిటో చూపించే మనిషి కాలనీలో ఉండడు.

రెండోది భాష. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. ఎంఎస్సీ పాఠ్యగ్రంథాలు, పరిశోధన పత్రాలు, ఇంటర్వ్యూ మాత్రం ఇంగ్లీషులో. విషయం తెలిసినా చెప్పలేకపోవడాన్ని ఇంటర్వ్యూ బోర్డు విషయం తెలియకపోవడంగా తీసుకునే ప్రమాదం ఉంది.

మూడోది కుల ధ్రువపత్రం. రాజ్యాంగంలోని 341, 342 అధికరణల ప్రకారం ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. చిన్నతనంలో తెనాలి నుంచి బొంబాయి వచ్చిన విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు మెడికల్ సీటు కోసం వేసిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో దీన్ని తేల్చింది. ఒక రాష్ట్రంలో ఎస్టీగా ఉన్న కుటుంబం వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదాతో రిజర్వేషన్ కోరలేదని చెప్పింది. కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో మాత్రం సొంత రాష్ట్రపు హోదా చెల్లుతుంది. ఆ మేరకు శ్రీకాకుళం మూలాలున్న ఎస్సీ విద్యార్థిని కోనీలోని కేంద్ర విశ్వవిద్యాలయంలో రిజర్వుడు అభ్యర్థిగా, రాష్ట్ర కోటా సీట్లకు జనరల్ అభ్యర్థిగా నిలవవలసి రావచ్చు. ఏ దరఖాస్తుకు ఏ ధ్రువపత్రం జతచేయాలో ముందుగా చెప్పేవారు లేకపోతే ఒక ఏడాది వృథా కావడానికి ఈ ఒక్క కాగితం చాలు.

ప్రభుత్వ పథకాలు

బడి స్థాయిలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2019లో విజ్ఞాన జ్యోతి పథకాన్ని ప్రారంభించింది. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల బాలికలకు నవోదయ విద్యాలయాలు కేంద్రాలుగా ప్రయోగాలు, ప్రయోగశాలల సందర్శన, మహిళా శాస్త్రవేత్తలతో సంభాషణ ఏర్పాటు చేస్తుంది. సీఎస్ఐఆర్ 2017లో మొదలుపెట్టిన జిజ్ఞాస కార్యక్రమం విద్యార్థులను జాతీయ ప్రయోగశాలలకు తీసుకువెళ్తుంది. ప్రభుత్వేతర సంస్థల్లో కుప్పం కేంద్రంగా పనిచేసే అగస్త్య ఫౌండేషన్ వ్యాన్లలో ప్రయోగ సామగ్రిని గ్రామీణ బడులకు చేరుస్తోంది. ఛత్తీస్‌గఢ్ కూడా ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజుల్లో, 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం ప్రభుత్వ బడి పిల్లలు తామే ప్రయోగం చేసి నేర్చుకునే పద్ధతిని మూడు దశాబ్దాల పాటు నడిపింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

డిగ్రీ స్థాయిలో ముఖ్యమైనది 2008లో వచ్చిన ఇన్‌స్పైర్. ఇందులో ఉన్నత విద్య స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 విద్యార్థి చేతికి వస్తుంది. మిగతా 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే ప్రాజెక్టు కోసం. మార్గదర్శనానికి విడిగా సొమ్ము కేటాయించిన అరుదైన పథకమిది. పన్నెండో తరగతిలో తమ బోర్డులో అగ్రశ్రేణి 1 శాతంలో నిలిచినవారు దీనికి అర్హులు. ఛత్తీస్‌గఢ్ బోర్డు విద్యార్థి తన బోర్డు వారితోనే పోటీపడతాడు కాబట్టి హిందీ మీడియం అడ్డు కాదు.

బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్ రెండు నెలల పాటు విద్యార్థిని దేశంలోని ఏదో ఒక ప్రయోగశాలలో ఉంచుతుంది. భృతి, ప్రయాణ ఖర్చు ఇస్తుంది. దరఖాస్తుకు అధ్యాపకుడి సిఫారసు లేఖ కావాలి. చిన్న కాలేజీ విద్యార్థి వెనకబడేది ఇక్కడే. వందమంది ఉన్న తరగతిలో ఆ విద్యార్థిని పేరుతో సహా ఎరిగిన అధ్యాపకుడు ఉండాలి, ఆ అధ్యాపకుడికి ఇలాంటి ఫెలోషిప్ ఒకటుందని తెలియాలి.

పీహెచ్‌డీ స్థాయిలో ఎస్సీలకు ఏటా 2,000, ఎస్టీలకు 750, ఓబీసీలకు 1,000 జాతీయ ఫెలోషిప్‌లున్నాయి. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ భృతి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ దశలో 42,000. యూజీసీ 2022 నిబంధనల కింద ఒక ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి పర్యవేక్షించకూడదు. ప్రతి సెమిస్టర్‌లో పరిశోధన సలహా సంఘం ముందు విద్యార్థి తన పని వివరించాలి. మహిళలకు అదనపు గడువు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2010లో మొదలుపెట్టిన ప్రయాస్ ఆశ్రమ పాఠశాలలు నక్సల్ ప్రభావిత ప్రాంతాల పిల్లలను ఐఐటీ, మెడికల్ ప్రవేశ పరీక్షలకు సిద్ధం చేస్తాయి. తెలుగు రాష్ట్రాల సాంఘిక సంక్షేమ గురుకులాలూ ఇదే బాట పట్టాయి. ఈ బడులు గెలవగల పరీక్షను గెలిపిస్తున్నాయి. జవాబు తెలియని ప్రశ్నతో ఏళ్ల తరబడి కూర్చోవడం అనే పరిశోధక స్వభావాన్ని అలవాటు చేయడం వాటి లక్ష్యాల్లో లేదు.

మార్గదర్శనం పనిచేసే తీరు

అమెరికన్ పరిశోధకురాలు క్యాథీ క్రామ్ 1980ల్లో మార్గదర్శి పనులను రెండుగా విభజించారు. ఒకటి వృత్తికి సంబంధించినది: పని అప్పగించడం, నలుగురికీ పరిచయం చేయడం, అవకాశానికి పేరు సూచించడం. రెండోది మనసుకు సంబంధించినది: ధైర్యం చెప్పడం, ఆదర్శంగా నిలవడం. హెయిడీ కార్లోన్, ఏంజెలా జాన్సన్ 2007లో ప్రచురించిన అధ్యయనం మరో అంశాన్ని ముందుకు తెచ్చింది. విద్యార్థికి విషయం తెలియడం, దాన్ని చేసి చూపడం సరిపోవు. ఆ రంగంలోని పెద్దలు ‘నువ్వు శాస్త్రవేత్తవే’ అని గుర్తించాలి. విజయం సాధించినా ఆ గుర్తింపు దక్కని మహిళలు దారి మార్చుకున్న తీరును ఆ అధ్యయనం వివరించింది.

ఆచరణలో ఇవి చిన్నచిన్న పనులుగా కనిపిస్తాయి. నెట్, గేట్, జామ్ పరీక్షల దరఖాస్తు తేదీలు గుర్తుచేయడం, గైడ్‌కు మొదటి మెయిల్ ఎలా రాయాలో చూపించడం, పరిశోధన పత్రంలో ఎవరి పేరు ఏ వరసలో వస్తుందో ముందే మాట్లాడుకోవడం, ఇంగ్లీషులో చదివి హిందీలోనో తెలుగులోనో చర్చించనివ్వడం, కూతురిని హైదరాబాద్ పంపడానికి జంకుతున్న తల్లిదండ్రులతో ఒకసారి మాట్లాడటం. చదువుకున్న ఇళ్లలో వీటిని అన్నో బాబాయో చెప్పేస్తారు. మొదటి తరం విద్యార్థికి ఇవన్నీ ఎక్కడా రాసి ఉండని నియమాలు.

బిలాస్‌పూర్ విద్యార్థులకు కొన్ని అనుకూలతలూ ఉన్నాయి. రైల్వే ఉద్యోగుల పిల్లలకు పాసుల సదుపాయం ఉంటుంది. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఊరి మీదుగానే పోతుంది కాబట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వేసవి ప్రాజెక్టుకు వెళ్లడం అందరికీ దొరకని వెసులుబాటు. తెలుగు మాట్లాడే అధ్యాపకులున్న హైదరాబాద్ ప్రయోగశాలల్లో భాషా బెరుకు కొంత తగ్గుతుంది.

ఇతర దేశాల నమూనాలు

ఎక్కువగా అధ్యయనం చేసిన నమూనా మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ ప్రాంగణంలోని మేయర్‌హాఫ్ కార్యక్రమం. దాతలు రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ సాయంతో ఫ్రీమన్ హ్రబౌస్కీ 1988లో దీన్ని రూపొందించారు. మొదటి జట్టులో 19 మంది నల్లజాతి యువకులున్నారు. 1990లో మహిళలకు, 1996లో అన్ని జాతుల వారికీ తలుపులు తెరిచింది. చేరేముందు వేసవి శిబిరం, జట్టుగా చదవడం, మొదటి ఏడాది నుంచే ల్యాబ్ పని, తల్లిదండ్రుల భాగస్వామ్యం దీని మూల సూత్రాలు. ఎంపికై వేరే చోట చేరినవారితో పోల్చిన అధ్యయనాల్లో ఇక్కడి విద్యార్థులు విజ్ఞాన పీహెచ్‌డీకి వెళ్లే అవకాశం సుమారు 5 రెట్లు ఎక్కువని తేలింది. కోవిడ్ టీకా పరిశోధనలో పేరొందిన కిజ్మెకియా కార్బెట్ ఈ కార్యక్రమం పూర్వ విద్యార్థిని.

1986లో ఛాలెంజర్ ప్రమాదంలో మరణించిన భౌతిక శాస్త్రవేత్త రొనాల్డ్ మెక్‌నెయిర్ పేరుతో అమెరికా ప్రభుత్వం మొదటి తరం విద్యార్థులను పీహెచ్‌డీకి సిద్ధం చేసే పథకం నడుపుతోంది. 2004లో ఫిస్క్, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాలు ఎంఎస్ నుంచి పీహెచ్‌డీకి వారధి కార్యక్రమం మొదలుపెట్టాయి. చిన్న సంస్థలో మాస్టర్స్ చేస్తూనే పెద్ద సంస్థ గైడ్ దగ్గర పని నేర్చుకోవడం దాని ప్రత్యేకత. రాష్ట్ర కళాశాలలూ కేంద్ర విశ్వవిద్యాలయమూ ఒకే ఊళ్లో ఉన్న బిలాస్‌పూర్ వంటి చోట్లకు పోలిక కుదిరే నమూనా ఇదే.

విమర్శలు, పరిమితులు

మార్గదర్శన కార్యక్రమాల మీద మొదటి విమర్శ, అవి లోపమంతా విద్యార్థిలోనే ఉందని భావిస్తాయని. ఇంగ్లీషు నేర్పి, ఆత్మవిశ్వాసం పెంచి పంపిస్తే చాలదు. చేర్చుకునే విభాగం తీరు మారాలి. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్ర విశ్వవిద్యాలయంలో దళిత పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం ఈ చర్చను దేశమంతటా రగిలించింది. ఫెలోషిప్ ఆగిపోవడం, సస్పెన్షన్, ఒంటరితనం ఒక పరిశోధకుడి జీవితంలో ఎలా ముడిపడతాయో అప్పుడు బయటి ప్రపంచానికి తెలిసింది. ఉన్నత విద్యాసంస్థల్లో వివక్ష నివారణకు యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. వాటి అమలు మీద ప్రశ్నలు ఆగలేదు.

రెండోది, ఒకే గైడ్ చేతిలో అధికారమంతా ఉండటం. సినాప్సిస్, పత్రాలు, సిఫారసు లేఖ, ఒక్కోసారి ఫెలోషిప్ కాగితం మీద సంతకం కూడా ఆయనదే. సంబంధం చెడితే విద్యార్థికి మరో దారి ఉండదు. అమెరికా జాతీయ అకాడమీలు 2019లో ఇచ్చిన నివేదిక ఒక్కరికి బదులు పలువురు మార్గదర్శులు ఉండాలని, మార్గదర్శులకూ శిక్షణ ఇవ్వాలని సూచించింది. సలహా సంఘం నిబంధన మన దగ్గరా ఉంది. అది సెమిస్టర్‌కోసారి సంతకాల కార్యక్రమంగా మిగలకూడదు.

మూడోది భారం. విభాగంలో ఒకే ఒక్క ఎస్టీ అధ్యాపకుడో మహిళా అధ్యాపకురాలో ఉంటే ఆ వర్గపు విద్యార్థులంతా వారినే ఆశ్రయిస్తారు. ఆ శ్రమ పదోన్నతి లెక్కల్లో పరిశోధన పత్రాలతో సమానంగా తూగదు. నాలుగోది ఆలస్యం. ఫెలోషిప్ సొమ్ము నెలల తరబడి అందకపోతే ఇంటి నుంచి తెచ్చుకోగలిగినవారే ల్యాబ్‌లో మిగులుతారు.

మూల్యాంకనం

ప్రవేశాలు, ఫెలోషిప్‌ల సంఖ్యను బట్టి పథకాలను అంచనా వేయడం సులువు. పరిశోధనా మార్గదర్శనాన్ని కొలవాలంటే వేరే ప్రశ్నలు అడగాలి: చేరినవారికి ఎన్నాళ్లకు గైడ్ దొరికారు, డిగ్రీలో ఎంతమంది ఒక్కసారైనా ల్యాబ్‌లో పనిచేశారు, మధ్యలో ఎవరు మానేశారు, పూర్తిచేసినవారు ఎక్కడ స్థిరపడ్డారు. మేయర్‌హాఫ్ మీద నమ్మకం పెరగడానికి కారణం దాని ఉద్దేశం కన్నా, మొదటి జట్టు నుంచీ దాచిన ఇలాంటి లెక్కలే. బిలాస్‌పూర్ ప్రాంతంలో సీట్లు, ఫెలోషిప్‌లు, విశ్వవిద్యాలయాలు ఇప్పటికే ఉన్నాయి. ఈ ప్రశ్నలను విభాగాలవారీగా, వర్గాలవారీగా ఏటా అడిగి జవాబు బయటపెట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు. ఉన్న సలహా సంఘాలు, సమానావకాశ కేంద్రాలు చేయగల పనే అది.